‘స్త్రీ’కి ఆరు గడులు: వేలితో చదివే తెలుగు

‘స్త్రీ’ అని కాగితం మీద రాస్తే కంటికి ఒకే అక్షరం. సకారం పైన గుడిదీర్ఘం, కింద త వత్తు, పక్కన ర వత్తు, అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చుంటాయి. బ్రెయిలీలో అదే మాటకు ఆరు గడులు కావాలి. ముందు పొల్లు గుర్తు, తర్వాత స, మళ్లీ పొల్లు, త, ర, చివర ఈ. పైనా కిందా ఏమీ ఉండదు. నోటితో పలికే ప్రతి ధ్వనీ బారులో నిలబడినట్టు ఒకదాని వెనక ఒకటి వస్తుంది.

బ్రెయిలీ అంటే ఒక భాష అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. అది లిపి మాత్రమే. తెలుగును బ్రెయిలీలో రాస్తే అది తెలుగే. అయితే ఆ లిపిలోకి వచ్చేసరికి తెలుగు రాత స్వభావం కొంత మారుతుంది. ఆ మార్పు అర్థమైతే, ‘ఫోన్ అన్నీ చదివి వినిపిస్తోంది కదా, ఇక పిల్లలకు బ్రెయిలీ ఎందుకు’ అనే మాట ఎంత తొందరపాటుదో కూడా అర్థమవుతుంది.

గడి అంటే ఆరు చుక్కలకు చోటున్న చిన్న నిలువు పెట్టె. ఎడమ వరసలో పై నుంచి కిందికి 1, 2, 3. కుడి వరసలో 4, 5, 6. ఏ చుక్కలు పైకి లేచాయన్నదాన్ని బట్టి 63 రూపాలు వస్తాయి, ఖాళీ గడిని కూడా లెక్కేస్తే 64. పక్కపక్క చుక్కల మధ్య దూరం దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు, చుక్క ఎత్తు సుమారు అర మిల్లీమీటరు. గడి మొత్తం వేలి కొస కింద ఇమిడిపోతుంది. వేలిని పైకీ కిందికీ ఆడించాల్సిన పని లేకుండా తేలిగ్గా పక్కకు జరుపుకుంటూ పోతే చాలు.

కొలత ఇంత చిన్నది కావడానికి ఒక కథ ఉంది. లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4న పారిస్‌కు దగ్గర్లోని కూవ్రే అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి గుర్రపు జీన్లు కుట్టేవాడు. మూడేళ్ల వయసులో తోలుకు రంధ్రాలు పొడిచే ఆరె కంట్లో గుచ్చుకుంది. ఆ పుండు రెండో కంటికీ పాకి చూపంతా పోయింది. తర్వాత పారిస్‌లోని అంధ బాలల పాఠశాలలో చేరాడు. అక్కడ షార్ల్ బార్బియే అనే సైనికాధికారి రూపొందించిన 12 చుక్కల పద్ధతి అతని చేతికొచ్చింది. 12 చుక్కలు ఒక్క వేలి కిందికి రావు, తడుముకోవాలి. పైగా అందులో పలుకులకు గుర్తులున్నాయి గానీ స్పెల్లింగ్‌కు లేవు. బ్రెయిలీ దాన్ని ఆరుకు కుదించి 1824 నాటికి, అంటే 15 ఏళ్ల వయసుకు, ఒక రూపానికి తెచ్చాడు. 1829లో పుస్తకంగా అచ్చు వేయించాడు. పిల్లలు దాన్ని ఇష్టంగా నేర్చుకున్నా చూపున్న ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు, ఒక దశలో స్కూల్లో నిషేధించారు కూడా. పాఠశాల అధికారికంగా స్వీకరించింది 1854లో. అప్పటికి ఆయన చనిపోయి రెండేళ్లయింది. ఏ లిపిలో చదవాలో వేలితో చదివేవాళ్లు కాకుండా కంటితో చదివేవాళ్లు నిర్ణయించడం అప్పుడే మొదలైంది. ఆ అలవాటు ఇంకా పోలేదు.

మన దేశంలో ఒకప్పుడు ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకం చుక్కల పద్ధతి ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక అన్ని భాషలకూ కలిపి 1951లో భారతి బ్రెయిలీ స్థిరపడింది. తెలుగు బ్రెయిలీ అందులో భాగమే. ఏ భాషలోనైనా ‘క’ ధ్వనికి 1, 3 చుక్కలే, ‘మ’కు 1, 3, 4 చుక్కలే. కాబట్టి తెలుగు బ్రెయిలీ వచ్చినవాళ్లు హిందీ నేర్చుకోవాలంటే లిపి కొత్తగా దిద్దక్కర్లేదు, భాష నేర్చుకుంటే సరిపోతుంది. కన్నడ పేజీ చేతికిస్తే అర్థం తెలియకపోయినా గడగడా పైకి చదివేయగలరు. చూపున్న తెలుగువాళ్లలో ఎంతమందికి ఈ సౌకర్యం ఉంది?

ఇంగ్లీషుతో బంధం ఇంకా ముచ్చటగా ఉంటుంది. అ, బ, చ, ద, గ, హ, జ, క, ల, మ, న, ప, ర, స, త అన్నీ ఇంగ్లీషులో ఏ, బీ, సీ, డీ, జీ, హెచ్, జే వగైరా అక్షరాల చుక్కలే. ఇంగ్లీషు బ్రెయిలీలో రెండక్షరాల జంటలకు ఒకే గడి వాడే పొదుపు గుర్తులున్నాయి కదా, భారతి బ్రెయిలీ వాటినీ వదల్లేదు. ఎస్-హెచ్ జంట గుర్తే మన ‘శ’. టీ-హెచ్ జంటే ‘థ’, జీ-హెచ్ ‘ఘ’, సీ-హెచ్ ‘ఛ’. ఇంగ్లీషులో ‘ద’ అని పలికే మూడక్షరాల మాటకున్న ఒక్క గడి తెలుగులో ‘ధ’. మన ధ్వనులు ఎక్కువ, ఉన్నవి 63 రూపాలు. అయినా పిల్లలు రెండు లిపులు మోయకుండా ఒక్కదాంతోనే గట్టెక్కేలా దీన్ని కూర్చినవాళ్లకు నిజంగా దండం పెట్టాలి.

ఇక పొల్లు సంగతి. అచ్చులో పొల్లు హల్లును అంటిపెట్టుకుని ఉంటుంది. బ్రెయిలీలో అది విడి గడి, పైగా హల్లు కంటే ముందే వస్తుంది. ‘అమ్మ’ అంటే అ, పొల్లు, మ, మ. కన్ను ఒక్క చూపులో పదమంతా పట్టేస్తుంది గానీ వేలికి ఒక్కో గడే తగులుతుంది. ‘మ’ అని చదివేశాక దానికి అచ్చు లేదని తెలిసి వెనక్కి దిద్దుకోవడం కంటే, 4వ చుక్క ముందే తగిలి ‘రాబోయేది అచ్చు లేని హల్లు’ అని చెప్పడం వేలికి సుఖం.

గుణింతం కూడా ఇలాగే తేలికవుతుంది. చూపున్న పిల్లలు తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం విడిగా నేర్చుకోవాలి. మ, య, ఘ దగ్గరికొచ్చేసరికి కొమ్ముల లెక్క తారుమారై ఏడుపొస్తుంది. న, మ, య, ర వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. బ్రెయిలీలో ఈ గొడవలేవీ లేవు. ‘కి’ అంటే క పక్కన ఇ, అంతే. ‘తెలుగు’ అంటే త, ఎ, ల, ఉ, గ, ఉ. నోరు పలికే క్రమమే వేలికి తగిలే క్రమం. ఉత్త ‘త’కు మాత్రం పక్కన అచ్చు రాయరు, తలకట్టు అందులోనే ఉందని లెక్క.

నేర్పే తీరు

తెలుగు పిల్లలకు అ, ఆ, ఇ, ఈ వరసలో బ్రెయిలీ మొదలుపెడితే కష్టం. ‘ఆ’కు మూడు చుక్కలు (3, 4, 5), ‘ఊ’కు నాలుగు. చుక్కల పరంగా ఆ వరసకు తర్కం లేదు. అ, బ, చ, ద, ఏ, గ, హ, ఇ, జ అని మొదలుపెడితే అన్నీ గడి పైభాగంలోని నాలుగు చుక్కలతోనే తయారవుతాయి. ఆ తర్వాత వాటికే కింద 3వ చుక్క చేర్చుకుంటూ పోతే అ నుంచి క, బ నుంచి ల, చ నుంచి మ, ద నుంచి న, ఏ నుంచి ఓ, హ నుంచి ర, ఇ నుంచి స, జ నుంచి త పుట్టుకొస్తాయి. నిచ్చెన మెట్లలా ఉంటుంది. వర్ణమాల వరస తర్వాతైనా కంఠతా పట్టొచ్చు, ముందు వేలికి దారి తెలియాలి.

వేలికంటే ముందు చేతికి అలవాటు కావాలి. కోడిగుడ్ల ట్రేలో ఆరు గుంటల ముక్క కత్తిరించి, నిమ్మకాయలు అటూ ఇటూ పెట్టిస్తూ ‘ఒకటో చుక్క, మూడో చుక్క’ అని ఆడిస్తే నాలుగేళ్ల పిల్లలు కూడా ఆటలోనే గడిని పట్టేస్తారు. పెసలు, సెనగలు కలిపి పోసి వేరు చేయించడం కూడా మంచి సాధనే. చదివేటప్పుడు పిల్లలు చుక్కల్ని గట్టిగా అదిమి రుద్దుతారు. అలా అదిమితే చుక్కా అణుగుతుంది, స్పర్శా మొద్దుబారుతుంది. ఈకతో నిమిరినంత తేలిగ్గా రెండు చేతుల చూపుడువేళ్లూ కదలాలి. కుడిచేయి వరస చివరికి వచ్చేలోగా ఎడమచేయి కింది వరస మొదలు వెతికి పట్టుకోగలిగితే వేగం పెరుగుతుంది.

రాయడం వేరే విద్య. బ్రెయిలీ స్లేటు అంటే రెండు పలకల మధ్య దళసరి కాగితం బిగించే చట్రం. స్టైలస్‌తో పొడిస్తే చుక్క కాగితానికి అవతలి వైపు లేస్తుంది. అందుకే కుడి నుంచి ఎడమకు, ప్రతి గడినీ తిరగేసి రాయాలి. కాగితం తిప్పాక ఎడమ నుంచి కుడికి చదువుకోవాలి. ఇక్కడే పిల్లలు తికమకపడతారు. హ (1, 2, 5) తిరగబడితే జ (2, 4, 5) అవుతుంది. ఇ తిరగబడితే ఏ. ర తిరగబడితే ఠ. ‘ఇల్లు’ అని రాయబోయి ‘ఏల్లు’ అని రాసిన పిల్లవాడికి భాష రాలేదనుకుంటే పొరపాటు. అద్దంలో రాయడం ఇంకా కుదరలేదంతే. ఈ తేడా పట్టుకోవాలంటే పక్కన కూర్చున్న టీచరుకు బ్రెయిలీ బాగా వచ్చి ఉండాలి. ఆరు మీటలతో పనిచేసే పెర్కిన్స్ బ్రెయిలర్ 1951లో వచ్చింది. దాంట్లో చుక్క పైకే లేస్తుంది కాబట్టి రాస్తూనే తడిమి చదువుకోవచ్చు. కాకపోతే దాదాపు 5 కిలోల బరువు, ఖరీదూ ఎక్కువే. స్లేటు, స్టైలస్ చొక్కా జేబులో పడతాయి.

అంకెల దగ్గర ఇంకో పొదుపు ఉంది. 3, 4, 5, 6 చుక్కల గడి ముందు పెడితే అది అంకెల గుర్తు. దాని తర్వాత అ వస్తే 1, బ వస్తే 2, చ వస్తే 3. తెలుగులో అదే గడి ‘ణ’ కూడా. మరి గందరగోళం కాదా? కాదు. ణకారంతో మొదలయ్యే తెలుగు మాటలు దాదాపు లేవు కాబట్టి, పదం మొదట్లో ఆ గడి తగిలితే వేలికి అది అంకె అని తెలిసిపోతుంది.

వింటే సరిపోదా?

సరిపోదు. తెలుగు విషయంలో మరీ సరిపోదు. రోజువారీ మాటలో మనం ద, ధలను ఎంత విడమరిచి పలుకుతున్నాం? ‘బాధ’ను ‘భాద’ అని రాసే చూపున్నవాళ్లు సోషల్ మీడియా నిండా ఉన్నారు. బస్సు బోర్డులు, సినిమా పోస్టర్లు, పేపర్లు రోజూ కళ్లబడుతున్నా ఆ తప్పులు పోవడం లేదు. అలాంటిది అక్షరాన్ని ఒక్కసారీ తాకకుండా పదేళ్లు పాఠాలు విన్న పిల్లకు కల, కళల తేడా ఎలా తెలియాలి? శ, ష, స ఏది ఎక్కడో ఎవరు చెప్పాలి? ‘కృషి’లో ఉన్నది ఋకారమా, ‘క్రు’నా? ఫోన్ గొంతు రెండింటినీ ఒకేలా పలుకుతుంది. పరీక్షలో పక్కన కూర్చుని చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్ తనకు తోచిన అక్షరం వేస్తాడు. మార్కులు వస్తాయి, డిగ్రీ కూడా వస్తుంది. తన పేరు ఏ అక్షరాలతో ఉందో సొంతంగా తెలియకుండానే ఇదంతా జరిగిపోగలదు. దీన్ని చదువు అనడానికి మనసొప్పదు.

లెక్కల్లో నష్టం ఇంకా తొందరగా బయటపడుతుంది. ‘ఏ ప్లస్ బీ బై సీ’ అని వినిపిస్తే సీ కింద ఉన్నది బీ ఒక్కటేనా, ఏ ప్లస్ బీ మొత్తమా? చెవికి తెలియదు. వేలికి తెలుస్తుంది. చూపులేని గణితవేత్త ఏబ్రహాం నెమెత్ 1950ల మొదట్లో గణితం కోసం ప్రత్యేకమైన బ్రెయిలీ పద్ధతి రూపొందించింది ఇందుకే. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నా, ఇంటర్‌లో సైన్స్ చదవడానికి కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన అమెరికాలోని ఎంఐటీలో చదివారు. కంటితో చూడలేనివాళ్లకు సైన్స్ ఎలా నేర్పాలో తెలియక, నేర్చుకోలేరని తేల్చేయడం అంత మామూలైపోయింది.

వినడం మీద చిన్నచూపు అక్కర్లేదు. లావుపాటి నవల చదవాలన్నా, వార్తలు తెలుసుకోవాలన్నా ఆడియో వేగంగా, చవగ్గా పని చేసిపెడుతుంది. కానీ ఆ గొంతు పనికిరాని చోట్లు చాలా ఉన్నాయి. క్లాసులో పాఠం చెప్పే టీచరు, కోర్టులో వాదించే లాయరు, వేదిక మీద పాడే గాయని చెవిలో ఒక గొంతు వింటూ నోటితో ఇంకోటి ఎలా మాట్లాడతారు? వేళ్ల కింద నాలుగు ముక్కల నోట్సు ఉంటే ఎదుటివాళ్లకు తెలియకుండానే పని జరిగిపోతుంది. ఇక చూపుతో పాటు వినికిడీ లేనివాళ్లకు ఆడియో ఎందుకూ కొరగాదు. వాళ్లు సొంతంగా చదువుకోవడానికి దారి ఈ చుక్కలే.

డబ్బాలు, మందులు, బటన్లు

ఇంట్లో బ్రెయిలీ వాడకం చాలావరకు చిన్నచిన్న చీటీల్లోనే. పసుపు, కారం, ధనియాలపొడి వాసనతో తెలిసిపోతాయి. కందిపప్పు, మినప్పప్పు చేతికే తెలుస్తాయి. చిక్కంతా బియ్యప్పిండి, మైదా, కార్న్‌ఫ్లోర్ దగ్గర, వంటసోడా దగ్గర. పాత క్యాలెండరు అట్ట, శుభలేఖ అట్ట స్లేటులో పెట్టి ‘బి.పి’, ‘మై’ అని పొడిచి అంటిస్తే పని జరుగుతుంది. ఆవిరికీ నూనెకూ అట్ట చుక్కలు అణిగిపోతాయి కాబట్టి పలుచని ప్లాస్టిక్ షీటు ఇంకా మేలు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: చీటీ మూత మీద కాకుండా డబ్బా ఒంటికే ఉండాలి. సాయం చేద్దామని వచ్చిన చుట్టాలు మూతలు మార్చి పెట్టేస్తే చీటీ అబద్ధం చెబుతుంది. చీరకు జత జాకెట్టు, కరెంటు బిల్లుల కవరు, పేకముక్కల మూలలు, ఇలా ఎక్కడ కావాలంటే అక్కడ నాలుగు గడులు చాలు.

మందుల దగ్గరికొస్తే అది ప్రాణాల మీదికొచ్చే సంగతి. ఐరోపా సమాఖ్య దేశాల్లో మందు పేరు డబ్బా మీద బ్రెయిలీలో ఉండాలని 2004లోనే చట్టం తెచ్చారు. మన మెడికల్ షాపుల్లో దొరికే డబ్బాలు ఎక్కువగా నున్నగానే ఉంటాయి. పైగా పదింట్లో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే ఆ డబ్బా కూడా ఇంటికి రాదు.

బయట లిఫ్టుల్లో, కొత్త రైలు బోగీల్లో బెర్త్ నంబర్ల దగ్గర బ్రెయిలీ కనిపిస్తోంది. సంతోషించాల్సిందే. కానీ బ్రెయిలీ పలకను తలకిందులుగా బిగించినా, అందనంత ఎత్తులో పెట్టినా, చుక్కల బొమ్మను నున్నటి స్టిక్కర్ మీద ఇంకుతో ముద్రించినా కంటికి అందంగానే ఉంటుంది, వేలికి పనికిరాదు. బిగించే ముందు బ్రెయిలీ వచ్చిన ఒక్కరితో తడిమించి చూస్తే ఖర్చు వృథా కాదు. కరెన్సీ నోట్ల మీద ఉన్నవీ బ్రెయిలీ అనుకుంటారు గానీ, అవి ఉబ్బెత్తు గీతలూ ఆకారాలూ. నలిగిన నోటులో అవి అరిగిపోతాయి. 200 నోటుకూ 500 నోటుకూ పొడవులో తేడా 4 మిల్లీమీటర్లే.

ఓటు దగ్గర మాత్రం బ్రెయిలీ విలువ పూర్తిగా తెలుస్తుంది. ఓటింగ్ యంత్రం బ్యాలెట్ యూనిట్ మీద ఒక్కో బటన్ పక్కన 1 నుంచి 16 వరకు బ్రెయిలీ అంకెలుంటాయి. అభ్యర్థుల పేర్లు యంత్రం మీద బ్రెయిలీలో ఉండవు. అందుకే పోలింగ్ కేంద్రంలో బ్రెయిలీ నమూనా బ్యాలెట్ అడిగి తీసుకుని, కావలసిన పేరు ఎన్నో నంబరో చదువుకుని, లోపలికెళ్లి ఆ నంబరు తడిమి నొక్కాలి. తోడు మనిషిని తీసుకెళ్లే వీలు నిబంధనల్లో ఉంది. తోడు వచ్చినవాళ్లు మంచివాళ్లే కావచ్చు, అయినా ఆ ఓటు ఇద్దరికి తెలిసిన ఓటు. బ్రెయిలీ వచ్చినవాళ్ల ఓటు వాళ్లొక్కరికే తెలుస్తుంది. బ్యాంకు పిన్ నంబరైనా, డైరీ అయినా, ఇంట్లోవాళ్లు చదవకూడని ఉత్తరమైనా అంతే. ఇలాంటి గుట్టు చూపున్నవాళ్లకు పుట్టుకతో వచ్చినట్టుంటుంది కాబట్టి దాని విలువ తట్టదు.

పుస్తకాల బరువు

బ్రెయిలీ పేజీ పెద్దది, కాగితం దళసరి. వత్తులు, గుణింతాలు విప్పి రాయడం వల్ల తెలుగు ఇంకా ఎక్కువ చోటు తింటుంది. ఒక్క పాఠ్యపుస్తకం మూడు నాలుగు లావుపాటి సంపుటాలవుతుంది. చూపులేనివారి కోసం పుస్తకాలను అందుబాటు రూపాల్లోకి మార్చుకోవడానికి 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. ఇదే లక్ష్యంతో 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ధ్రువీకరించింది భారతదేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. చట్టం అడ్డు తొలగింది, ఇక మిగిలింది పని. ప్రచురణకర్తలు యూనికోడ్ ఫైలు ఇస్తే కంప్యూటర్ దాన్ని నిమిషాల్లో తెలుగు బ్రెయిలీలోకి మారుస్తుంది, ఉచితంగా దొరికే లిబ్‌లూయీ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఉంది. తెలుగు ప్రచురణల్లో యూనికోడ్ కాని పాత ఫాంట్లతో కట్టిన పేజీలు ఇప్పటికీ ఎక్కువ కాబట్టి మార్పిడి అక్కడే ఆగిపోతోంది.

బరువుకు విరుగుడు బ్రెయిలీ డిస్‌ప్లే. చుక్కలు వాటంతటవే లేచి, వరస చదవగానే మారిపోయే పరికరం అది. కంప్యూటర్ బ్రెయిలీలో గడికి 8 చుక్కలు, అంటే 20 గడుల పరికరంలో 160 చిన్న పుల్లలు విడివిడిగా లేచి పడాలి. ఖరీదంతా అక్కడే. ఆర్బిట్ రీడర్, ఐఐటీ ఢిల్లీ 2019లో తెచ్చిన డాట్‌బుక్ లాంటివి ధరను కొంత దించాయి గానీ, ఇప్పటికీ మామూలు స్మార్ట్‌ఫోన్ కంటే ఎక్కువే. ఈలోగా ఫోనే బ్రెయిలీ నేర్చుకుంది. ఐఫోన్‌లో 2014 నుంచీ, ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌లో 2020 నుంచీ తెరమీద ఆరు వేళ్లతో బ్రెయిలీలో టైప్ చేసే కీబోర్డు ఉంది. బ్రెయిలీని ఫోన్ మింగేస్తుందని బెంగపడ్డవాళ్లు ఈ సంగతి గమనించాలి.

పెద్దయ్యాక చూపు పోయినవాళ్ల సంగతి వేరు. షుగర్ వల్ల కళ్లు దెబ్బతిన్నవాళ్లకు తరచు వేళ్ల స్పర్శ కూడా తగ్గి ఉంటుంది. వాళ్లను కూర్చోబెట్టి పుస్తకం చదివించాలని పట్టుబడితే విసుగొచ్చి మొత్తమే వదిలేస్తారు. వాళ్లకు కావలసినవి కొన్ని అంకెలు, కొన్ని అక్షరాలు. కొంచెం పెద్ద చుక్కలతో, రోజుకు ఒకటి రెండు నేర్చుకున్నా నెలలో ఇల్లు నడిచిపోతుంది. ఇంట్లోవాళ్లు కళ్లతో చూస్తూ నేర్చుకుంటే ఇంకా తొందరగా వస్తుంది, ఉన్నవి 63 రూపాలే కదా. మాత్రల డబ్బా దగ్గర మొదలుపెట్టొచ్చు: ఉదయానికి ఉ, మధ్యాహ్నానికి మ, రాత్రికి ర. ఇందులో ఉ, మ రెండింటికీ ఎడమవైపు చుక్కలు ఒకటే, 1, 3. ఉకారానికి కుడివైపు కింద ఒక చుక్క, మకారానికి కుడివైపు పైన ఒక చుక్క. మొద్దుబారిన వేలికి ఆ తేడా అందకపోతే, మధ్యాహ్నం అరకు ‘మ’ బదులు అచ్చంగా ఆరు చుక్కల నిండు గడి పెడితే సరి.